ఎర్తు గుంతకు నీళ్ళు

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పొద్దున్నే బస్సులో పోవడం, సాయంత్రం మళ్ళీ బస్సులో పడి ఇంటికి రావడం. ఎనభైల మొదట్లో నా బతుకంతా ఇదే. మార్కెట్ యార్డు పక్క సందులో ఇనుప బీరువాలు తయారుచేసే షాపు ఉండేది, అందులో నేను పెయింటర్ని. ఒక పక్క పత్తి లారీల దుమ్ము, ఇంకో పక్క పెయింటులో కలిపే థిన్నర్ వాసన. ఇల్లు చేరేసరికి తల ప్రాణం తోకకు వచ్చేది. తినే అన్నం కూడా థిన్నర్ వాసనే వేసేది.

మా ఓనరు బెంగుళూరు పోయి కరెంటుతో పెయింటు కొట్టే గన్ను ఒకటి తెచ్చాడు. మామూలు గన్నుతో కొడితే పెయింటు చాలావరకు గాలిపాలు. ఇందులో పెయింటు తుంపరకు కరెంటు ఎక్కిస్తారు, బీరువాను వైరుతో భూమికి కలుపుతారు, దాన్నే ఎర్తు అంటారు. కరెంటెక్కిన తుంపర భూమిని వెతుక్కుంటూ పోయి ఆ ఇనుముకు అతుక్కుంటుంది, వెనక్కి కూడా చుట్టుకుంటుంది. అది చూసి ఓనరు చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. నాకు మాత్రం చేతిలో మోసే బరువు పెరిగింది, అంతే.

ఈ సంగతి ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. కరెంటు అంటే ఏమిటో మా అమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా నాన్న దానితోనే పోయాడు. మాధవరం దగ్గర మాకు కొంచెం చేను, ఒక బావి, దానికి మోటారు ఉండేవి. డెబ్బైలలో ఒక ఎండాకాలం ఉల్లి మడికి నీళ్ళు పెట్టబోయి మోటారు మీద చెయ్యి వేశాడు. మళ్ళీ లేవలేదు. కాళ్ళకు చెప్పులుంటే బతికేవాడని ఊరంతా అన్నారు. ఆ మాట అమ్మ మనసులో పాతుకుపోయింది. చేను అమ్మేసి ఎమ్మిగనూరు చేరి, మగ్గాల వాళ్ళకు నూలు కండెలు చుట్టి నన్ను పెంచింది.

గన్ను మాట వినగానే నా చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది.

“ఒట్టెయ్యప్పా. కరెంటు కాడ ఒట్టి కాళ్ళతో నిలబడనని నా తల మింద ఒట్టెయ్యి.”

వేశాను. అమ్మ తల మీద ఒట్టు మా ఇంట్లో తమాషా కాదు. అక్కడితో ఆగకుండా మందమైన రబ్బరు చెప్పులు కొనిపెట్టింది, మా వీధి లైన్‌మన్ ఇంటికి పోయి రబ్బరు గ్లౌజులు కూడా అడిగి తెచ్చింది. అవన్నీ తొడుక్కుని షాపులో అడుగుపెడితే వెల్డింగు పనిచేసే అన్న పగలబడి నవ్వాడు.

“ఏమప్పా డాక్టరూ, బీరువాకు ఆపరేషన్ చేస్తాండావా?”

గన్ను బిగించడానికి వచ్చిన బెంగుళూరు మెకానిక్ కన్నడం కలిసిన తెలుగులో చెప్పే పోయాడు, రబ్బరు వద్దు, పిడిని ఒట్టి చేత్తో పట్టుకోవాలి అని. కరెంటు పనిలో రబ్బరు వద్దనేవాణ్ణి ఎవరు నమ్ముతారు? ఆ మనిషి పొద్దున్నే మందు వేసుకొచ్చాడేమో అనుకున్నాం.

గన్ను నొక్కినప్పుడల్లా నా చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. పెయింటు వెనక్కి తిరిగి నా మీదికే వచ్చేది. ఇనుప బల్ల ముట్టుకుంటే సూదితో గుచ్చినట్టయ్యేది. సాయంత్రానికి బీరువాతో పాటు నేనూ సగం బూడిద రంగులో ఉండేవాణ్ణి. ఎందుకని ఎవరినీ అడగలేదు. రోజంతా నిలబడిన కాళ్ళకు బస్సులో సీటు దొరికితే చాలు, ఇంకే ఆలోచనా ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం గన్ను పక్కన పెట్టి, చేతి గ్లౌజు తీసి, థిన్నర్ డబ్బా కోసం వంగాను. వేలు డబ్బా అంచుకు తగలబోయేంతలో చిట్‌మని నిప్పురవ్వ లేచింది. ఆ వెంటనే మంట. వెల్డింగు అన్న తడి గోనెసంచి తెచ్చి డబ్బా మీద వేయకపోతే ఆ గది, అందులో నేను, ఏదీ మిగిలేది కాదు. కనుబొమలు మాడాయి, చేతి మీద చర్మం కమిలింది. అమ్మకు మాత్రం టీ కొట్టు పొయ్యి మంట తగిలిందని చెప్పాను.

ఓనరు మెకానిక్‌ను మళ్ళీ రప్పించాడు. అతను నా చెప్పులు చూసి తల కొట్టుకున్నాడు. ఇంటి కరెంటు మనిషి గుండా భూమిలోకి దిగాలని చూస్తుంది కాబట్టి రబ్బరు కాపాడుతుంది. ఇక్కడ సంగతి వేరు. గన్ను దగ్గర నిలబడినవాడి ఒంట్లో కరెంటు కొద్దికొద్దిగా చేరుతుంది. రబ్బరు వేసుకుంటే దానికి దిగే దారి ఉండదు. ఆ మనిషి ఇనుము ముట్టుకున్నప్పుడు రవ్వై దూకుతుంది. పక్కన థిన్నర్ ఆవిరి ఉంటే ఇంక చెప్పేదేముంది? ఇది చెప్పి మెకానిక్ నా గ్లౌజుకు అరచేతి భాగం కత్తిరించి పారేశాడు. దీనికి వేరే బూట్లుంటాయట, ఆదోనిలో అవి దొరకవు. కింద ఇనుప రేకు పరిపించి, దాన్ని కూడా ఎర్తుకు కలిపి, ఒట్టి కాళ్ళతో నిలబడమన్నాడు.

అప్పటినుంచి చెప్పులు వేసుకుని ఇంట్లోంచి బయలుదేరేవాణ్ణి, షాపు గుమ్మంలో విడిచేవాణ్ణి. ఎంత కడిగినా అరికాళ్ళకు అంటిన బూడిద రంగు పోలేదు. ఒకరోజు నేను మంచం మీద కాళ్ళు చాపుకుంటే అమ్మ చూసింది. తన అన్నం పళ్ళెం పక్కకు తోసేసింది. మరునాడు కూడా తినలేదు.

నాకు ఒళ్ళు మండింది. ఒట్టు తప్పితే అమ్మ పస్తుండి చచ్చేట్టుంది, ఒట్టు నిలబెడితే నేను కాలి చచ్చేట్టున్నాను. రెంటి మధ్య నలిగి విసుగొచ్చి, “నాతో రామ్మా, నీ కండ్లతోనే సూసుకుందువు” అని బస్సెక్కించాను.

పెయింటు గది బయట, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను రేకు మీద కాలు పెడుతుంటే కళ్ళు మూసుకుంది. గన్ను నొక్కాను. బీరువా తలుపు మెల్లగా రంగు తేలింది. అమ్మ కళ్ళు తెరిచి ముందు నా పాదాలు చూసింది, తర్వాత రేకుకు బిగించిన తీగను చూసింది. ఆ తీగ వెంటే నడుచుకుంటూ షాపు వెనక్కి పోయింది.

అక్కడ వెల్డింగు అన్న ఎర్తు గుంతలో బిందెతో నీళ్ళు పోస్తున్నాడు. ఆదోనిలో తాగే నీళ్ళకే కటకట, గుంతకు పోయాలంటే రోజూ సణిగేవాడు.

“ఈ గుంతకు నీళ్ళెందుకప్పా?” అని అమ్మ అడిగింది.

“తీగ దీంట్లోకే వస్తాదమ్మా. అడుగున ఉప్పు, బొగ్గు పోసినాం. మన్ను ఎండితే కరెంటు దిగదు. అప్పుడు ఎర్తున్నా లేనట్టే.”

“సేన్ల కాడ మోటర్లకూ ఉంటాదా?”

“ఉండాల. ఈ ఎండలకు పోసేదెవురు లేమ్మా.”

ఆ సాయంత్రం బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బయట ఎండిన చేలు పోతూ ఉన్నాయి. సగం దారిలో, నా వైపు తిరగకుండానే మాట్లాడింది.

“మన మోటరు కాడ గూడ ఉండె, ఆ గుంత. ఉప్పు పోస్తాంటే మీ నాయన నవ్వినాడు, భూమికి ఊరగాయ పెడతాండారా అని.”

కిటికీ ఊచ పట్టుకుని మళ్ళీ అంది.

“మన మళ్ళకంతా నీళ్ళు పోసె గదప్పా ఆ మోటరు. దాని గుంతకు ఒక్క బిందె పోసేటోళ్ళం లేకపోతిమి.”

అమ్మ ఏడవలేదు. ఇంటికి పోయి అన్నం తింది.

ఆ తర్వాత ఒట్టు మాట ఎత్తలేదు. నేను పని నుంచి రాగానే మాత్రం ఒకటే అడిగేది, “గుంతకు నీళ్ళు పోసినారా?” అని. కొన్నాళ్ళకు షాపు మూతపడి నేను వేరే పనిలో చేరాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా సాయంత్రం గుమ్మంలో అడిగేది.

“పోసినామమ్మా” అని చెప్పి కాళ్ళు కడుక్కునేవాణ్ణి.