అమ్మ పంపిన సున్నిపిండి డబ్బా

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే అమ్మ పెరట్లో పీట వేసిందంటే చాలు, నేను కొబ్బరిచెట్ల వెనక్కి పారిపోయేదాన్ని. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడెక్కి వెళ్ళే దీవిలో, హట్ బేలో, సముద్రం ఒడ్డునే మా ఇల్లు. నాన్నది చేపల వేట. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాం.

"ఏటే ఆ పరుగు? వీపు మీద ఉప్పు పండించి అమ్ముతావేటి? రా ఇలా!" అని చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టేది.

సున్నిపిండి అమ్మే చేసేది. పెసలు, గుప్పెడు బియ్యం, ఎండిన నిమ్మతొక్కలు, పసుపుకొమ్ములు... వాసనకి వేసే కచ్చూరాలు మాత్రం మా దీవిలో దొరికేవి కావు. వైజాగ్ నుంచి ఓడ మీద ఎవరైనా వస్తుంటే అమ్మమ్మ పాత చీర గుడ్డలో మూటకట్టి పంపేది. అన్నీ ఎండబెట్టి తిరగలిలో విసిరేది. మరీ మెత్తగా కాదు... కాస్త బరకగా. "గరుకుంటేనే మట్టి వదుల్తాది" అనేది. పిండిని కొబ్బరిపాలతో తడిపితే ఆ వాసన పక్కింటికి వెళ్ళేది. అక్కడి బెంగాలీ దీదీ కంచె మీంచి తొంగిచూసి "ఆజ్ సండే హై క్యా?" అని నవ్వేది.

నాన్న చేతులకీ అదే పిండి. చేపల వాసన పోయేదాకా తోమితే గానీ ఆయన్ని దేవుడి గూడు దగ్గరికి రానిచ్చేది కాదు.

నాకు ఇష్టమైంది ఆ తర్వాతి పని... నా ఒంటి మీంచి రాలిన నలుగుపిండిని అమ్మ పోగుచేసి, వేళ్ళతో నొక్కి, చిన్న వినాయకుణ్ణి చేసేది. పార్వతమ్మ చేసినట్టే. ఆయన్ని తడిక పక్కన కూర్చోబెట్టి "సామి కాపలా ఉన్నాడు. ఇంకెవరూ రారు. పోసుకో" అనేది. స్నానం అయ్యాక ఆయన్ని నీళ్ళలో కలిపి కొబ్బరిచెట్టు మొదట్లో పోసేది.

పెళ్ళయ్యి నేను పోర్ట్ బ్లెయిర్ వచ్చేశాను. డైరీ ఫార్మ్ అనే పేటలో చిన్న వాటా ఇల్లు. పాప పుట్టి మూడో నెల నడుస్తుండగా అమ్మ ఓడ మీద వచ్చేవాళ్ళ చేత పాలపొడి డబ్బా నిండా సున్నిపిండి పంపింది. "పిల్ల ఒళ్ళు లేతది, ఈసారి మెత్తగా విసిరాను" అని కబురు. అదే అమ్మ నాకు పంపిన ఆఖరి కబురు...

ఆ ఆదివారం పొద్దున్న పాపకి నూనె రాసి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. భూమి ఊగింది. గిన్నెలో తడిపిన పిండి అలాగే వదిలేసి పాపనెత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తాను. నూనె ఒళ్ళు... ఎక్కడ జారిపోతుందోనని గుండెకి అదుముకున్నాను. తర్వాత సముద్రం వచ్చిందన్నారు. సునామీ అన్న మాట అప్పుడే మొదటిసారి విన్నాను. హట్ బే కబురు తెలియడానికి రోజులు పట్టింది.

నాన్న పడవ మీద లోతు నీళ్ళలో ఉన్నారు. అక్కడ ఆయనకేమీ తెలియలేదట. ఒడ్డుకి వచ్చి చూస్తే ఇల్లు లేదు. తిరగలి కింది రాయి ఒక్కటే మిగిలింది. అమ్మ లేదు...

కట్టుబట్టలతో నాన్న మా ఇంటికి వచ్చారు. అమ్మ ఎక్కడో చెట్టెక్కి బతికే ఉందని, ఏదో ఒక ఓడలో వస్తుందని ఆయన నమ్మకం. హట్ బే ఓడ వచ్చిన ప్రతిసారీ జెట్టీకి వెళ్ళి, ఆఖరి మనిషి దిగేదాకా నిలబడేవారు. డబ్బాలో మిగిలిన పిండిని నన్ను ముట్టనివ్వలేదు. "మీ అమ్మ వచ్చి తీస్తాది. అక్కడే ఉండనీ" అనేవారు.

శరీరం దొరకనివాళ్ళకి దర్భలతో బొమ్మ చేసి కర్మ చేస్తారు కదా... పంతులుగారు ఆ మాట ఎత్తితే నాన్న లేచి నిలబడ్డారు. "గడ్డిబొమ్మా బాబూ, మా ఆడది?"

ఇంకెవరం ఆ మాట ఎత్తలేదు. నేను గంగమ్మతల్లికి దీపం పెట్టడం మానలేదు... ఏం కోరుకోవాలో మాత్రం తెలిసేది కాదు.

పాప నడక నేర్చుకుంది. ఒకరోజు దేవుడి గూడు కింద ఉన్న ఆ డబ్బాని ఈడ్చుకుంటూ వెళ్ళి తాత ఒళ్ళో పడేసింది. మూత ఊడిపోయింది. కచ్చూరాల వాసన గదంతా పరుచుకుంది... నాన్న మూత అందుకున్నారు. పాప పిండిలో చెయ్యి పెట్టి ఆయన మోకాలికి రాస్తోంది.

ఆ మూత పక్కన పెట్టి "కొబ్బరికాయ ఉందా తల్లీ?" అని అడిగారు.

ఆయనే పాలు తీశారు. ఆయనే తడిపి పాపకి నలుగు పెట్టారు. మోటు చేతులు... వలలు లాగిన చేతులు... ఎంత మెల్లగా పెట్టారో! రాలిన పిండి పోగుచేసి వినాయకుణ్ణి చేశారు. తొండం ఓ పక్కకి ఒరిగిపోయింది. "మీ అమ్మైతే నవ్వును" అన్నారు. తర్వాత ఆ బొమ్మని అరచేతిలో పెట్టుకుని సముద్రం దగ్గరికి వెళ్ళారు. తిరిగి వచ్చినప్పుడు ఖాళీ చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది.

"పంతులుగారికి కబురు పెట్టు తల్లీ" అన్నారు. అంతే.

ఇప్పుడు నాన్న కూడా లేరు. ఇక్కడ మిడిల్ పాయింట్ బజారు షాపుల్లో స్క్రబ్బులు రకరకాల వాసనలతో దొరుకుతున్నాయి. మా అమ్మాయి అవే వాడుతుంది, తప్పేం లేదు. నేను మాత్రం మిక్సీలో పెసలూ కచ్చూరాలూ వేసి ఆదివారం నలుగు పెట్టుకుంటాను. ఎంత చెయ్యి చాపినా వీపు నడుమ ఒకచోట అందదు... అమ్మ చెయ్యి ముందుగా పడేది అక్కడే.

మీకు చిన్నప్పుడు నలుగు పెట్టిన చేతులు ఎవరివి? చెప్పండి, చదువుకుంటాను. ఆ మనిషి ఇంకా ఉంటే మాత్రం ముందు ఇక్కడ రాయకండి... ఈ ఆదివారం వెళ్ళి పీట వేసుకుని, వీపు చూపించి కూర్చోండి.