గాలి ఆపలేదు, నన్ను కూసోబెట్టిండు

సహోదరులారా, అక్కలారా, నన్ను బతికించి మీ నడుమ నిలబెట్టిన యేసయ్యకు వందనాలు! నాకు సదువు తక్కువ, తప్పులుంటే సర్దుకోండి.

ఇస్నాపూర్ల కిరాయి అర్రల ఉన్నప్పుడు నా కొడుకు సామ్యేలు జరంతోని పండుకుంటే, బజార్ల మందులమ్మెటోని మాట నమ్మి వాడిచ్చిన పొట్లం నా చేతులార తాపిన, తెల్లారేసరికి పిల్లగాడు లేడు. అప్పటిసంది నాకు అనుమానం అనే రోగం పట్టింది! పక్కింటామె కూర గిన్నె ఇస్తే దొడ్లె పారబోస్తుంటి, మా ఆయన ఫ్యాక్టరీ నుంచి జెర ఆలస్యంగ వస్తే అంగీ వాసన చూస్తుంటి, తర్వాత పుట్టిన మార్తను మా అత్త ఎత్తుకున్నా గుంజుకుంటుంటి. చర్చిల పాస్టరుగారు బిడ్డ నెత్తిమీద చెయ్యి పెడితే, ప్రార్థన ఇనకుండ ఆ చెయ్యినే చూస్తుంటి!

మా ఆయనతోని పనిచేసే దావీదుది బందరు దిక్కు. వాళ్లక్క బాప్తిస్మం ఉంది, శని, ఆదివారాలు రమ్మని బతిమిలాడిండు. తెలంగాణ కోసం మనోళ్లకు ఆ దిక్కోళ్లకు అయిన కొట్లాటలు సల్లబడి ఎక్కువ కాలం కాలే. "ఊకెనే గింత ప్రేమ ఎందుకు?" అన్న నేను. "దేవుడే అన్నం పెట్టినా, బియ్యం ఏడివి అని అడుగుతవే నువ్వు!" అన్నడు మా ఆయన.

ఆయన పోరు పడలేక బిడ్డనెత్తుకొని దావీదు ఎంబడి బయలెల్లినం. రైలు దిగి సముద్రం కాడికి పోతే, వాళ్ల ఊరికి రోడ్డే లేదంట, ఒడ్డు పొడుగునా తెరచాప పడవల పోవాలంట! పడవ నడిపేది దావీదు మేనమామ, మీసాల నాగేశు. ఆయన పడవల ఇసుక బస్తాలు వేస్తుంటే మార్తను దగ్గరికి గుంజుకున్న, నీళ్లల్ల పోయేదానికి ఎవరన్న బరువు వేస్తరా? అడిగితే, "తేలిగ్గా ఉంటే గాలికి తిరగబడిపోద్దమ్మా" అన్నడు. నేను నమ్మలే.

సగం దూరం పోయినంక గాలి లేచింది సూడండి! ఒడ్డు కనపడుతనే ఉంది, పోనీకి రాదు, పడవ ఒక పక్కకు ఒరిగి నీళ్లు లోపలికి దుంకుతున్నయ్. మా దిక్కు వాగు దాటేటప్పుడు బిడ్డను పైకెత్తి పట్టుకుంటరు గద, నేను గట్లనే మార్తను రెండు చేతుల ఎత్తుకొని లేచి నిలబడ్డ! పడవ ఇంకింత ఊగింది.

"కూచోమ్మా! నువ్వు నిలబడితే అందరం పోతాం! బిడ్డని కింద బస్తాల మధ్యన పెట్టు!" అని నాగేశు అరిచిండు.

కిందనా? నీళ్లు చేరే కాడనా? తెల్వనోడు ఒకడు చెప్తే ఒక బిడ్డను పోగొట్టుకున్న, ఇప్పుడు వీడొకడు! "పెట్ట!" అన్న. "అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా, కూచో" అని దావీదు ఏడుస్తున్నడు, మా ఆయన నా కొంగు గుంజుతున్నడు. నేను కండ్లు మూసుకొని మొత్తుకున్న: "యేసయ్యా, ఈ గాలి ఆపు! ఈయన ఎవరో నాకు తెల్వదు, నిజం చెప్తున్న, నీ మీద గూడ నాకు అనుమానమే తండ్రీ, సామ్యేలును అడిగితే ఇయ్యకపోతివి, ఇదొక్కతే ఉన్నది నాకు!"

గాలి ఆగలే సహోదరులారా! ఇంకింత పెరిగింది. గానీ నా మోకాళ్లు వంగినయ్. ఎవరు వంచిండ్రు? నేనైతే కాదు! బస్తాల నడుమ బిడ్డను పెట్టి, దాని మీదికెళ్లి చెయ్యి తీసిన. చెయ్యి తీసుడు ఎంత కష్టమో తల్లులకు తెలుసు. నాగేశు తెరచాప సగం దించి, మమ్మల్ని అందరినీ పడవ పైకి లేచిన పక్కకు కూసోబెట్టిండు, పడవ మెల్లగ సక్కగయ్యింది.

ఒడ్డుకు చేరినంక నేను చేసిన మొదటి పని, బిడ్డ బట్టలిప్పి చేతులేళ్లు కాళ్లేళ్లు చూసుకునుడు. నాగేశు తల గుడ్డ పిండుకుంటా, "లెక్క సరిపోయిందా అమ్మా? తక్కువైతే నాదొకటి ఇస్తాలే!" అన్నడు. సామ్యేలు పోయినంక నేను నవ్వింది అదే మొదలు.

రోగం ఒక్కనాడే మొత్తం పోయిందని అబద్ధం చెప్ప. గానీ ఆ సాయంత్రం దావీదోళ్లింట్ల నా బిడ్డ తెల్వనామె ఒళ్లె నిద్రపోతుంటే, నేను దూరం కూసోని కడుపు నిండ అన్నం తిన్న. గదే నాకు విడుదల, దేవునికే మహిమ!

ఇది చదివే అక్కల్లారా, మీరు గూడ దేన్నో పైకెత్తి పట్టుకొని చేతులు గుంజుతున్నా దించకుండ ఉన్నరా? గాలి ఆగినంక నమ్ముత అనకు తల్లీ. ముందు కూసో. కిందికి దించు. అక్కడ ఆయన చెయ్యి ఉన్నది.