సాయన్న ఉల్టా చొక్కా

బోధన్‌లో దర్జీ సాయన్న చొక్కా తిరగేసి తొడుక్కుంటాడు. కుట్లన్నీ బయటికి, నున్నటి వైపు ఒంటికి. ఊరందరికీ చొక్కాలు కుట్టే మనిషికి తన చొక్కా తొడుక్కోవడం రాదేమోనని కొత్తవాళ్ళు జాలిపడేవాళ్ళు. పాతవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఒకసారి గిరాకీకి వచ్చినాయన ఉండబట్టలేక అడిగేశాడు.

"సాయన్నా, చొక్కా ఉల్టా ఏసుకున్నవ్."

"ఔ."

"సీదా ఏసుకోరాదే?"

"కుట్లు గుచ్చుకుంటయి."

"మరి మాకెందుకు లోపటికి కుడుతున్నవ్?"

సాయన్న మిషన్ ఆపి చాలాసేపు ఆలోచించాడు. "మీరు చెప్పలే," అన్నాడు.

ఆయనకు అబద్ధమాడటం కూడా రాదు. దర్జీకి ఇది చాలా ఇబ్బందైన లోపం. రేపిస్తావా అంటే, "ఇయ్య. బేస్తవారం పొద్దున పది గంటల పది నిమిషాలకు ఇస్త," అనేవాడు. పదింటికే వచ్చి నిలబడితే, మడతపెట్టిన బట్టలు బల్లమీదే కనిపిస్తున్నా పది నిమిషాలూ ఆగాల్సిందే. ఎవరి నడుము ఎంత పెరిగిందో నలుగురిలో చెప్పేసేవాడు. దాంతో ఒక పెద్దమనిషి ఆరు నెలలు కొట్టు ముందు నుంచి నడవడమే మానేశాడు.

ఈ సంగతులన్నీ పక్క ఊరు ఎడపల్లిలో ఉండే జ్యోతిరాణికి తెలుసు. ఆమె పెళ్ళి జాకెట్లు కుట్టింది ఆయనే. అప్పట్లో ఆమె కూడా నవ్వింది. కూతురు హర్షిణికి ఆరేళ్ళొచ్చేసరికి జ్యోతిరాణి నవ్వడం తగ్గిపోయింది.

హర్షిణికి మాటలు రాలేదు. పిలిస్తే చూడదు. గిన్నె మూతలు వరసగా పేర్చుకుని గంటలకొద్దీ కూర్చుంటుంది. అన్నిటికన్నా పెద్ద బాధ బట్టలతో. వేసిన గౌను వేసినట్టే లాగి పారేస్తుంది. బలవంతం చేస్తే ఊపిరాడనట్టు ఏడుస్తుంది. ఊళ్ళో బడి పెద్దపంతులమ్మ కల్యాణి మేడం కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఇంటి ఆడపడుచు, మంచి మనిషి. ఆమె కూడా, "బట్టలు ఒంటిమీద నిలిస్తే తీసుకురామ్మా, తప్పకుండా చేర్చుకుంటాను," అనేసింది.

అత్త పెంటవ్వ మాత్రం కారణం కనిపెట్టింది. "కడుపుతోనున్నప్పుడు గ్రహణం నాడు బయటికి పోయినవ్. నేను వద్దన్న."

ఆ మాట ఏళ్ళుగా జ్యోతిరాణి గుండెలో ముల్లులా ఉంది. చివరికి నిజామాబాద్‌లో డాక్టర్ బిందుమాధవి ముందు కూర్చున్నప్పుడు, బిడ్డ సంగతికన్నా ముందు ఆ మాటే అడిగింది.

"గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. మీవల్ల రాలేదు," అంది డాక్టరు. "దీన్ని ఆటిజం అంటారు. ఇది అందరిలో ఒకే రకంగా ఉండదు. కొందరికి మాటే రాదు. కొందరికి వచ్చిన మాటలు పోతాయి. కొందరు బాగా మాట్లాడతారు, చదువుతారు, ఉద్యోగాలు చేస్తారు. కానీ ఎదుటివాడి మనసులో ఏముందో, ఎక్కడ ఏమనాలో అంతుపట్టదు. ఇదివరకు ఒక్కో రకానికి ఒక్కో పేరుండేది. ఇప్పుడు అన్నిటికీ ఒకటే పేరు పెట్టి, ఎవరికి ఎంత సాయం కావాలో చూస్తున్నాం. మాట విషయంలో ఎక్కువ సాయం కావాల్సిన పిల్లకు ఇంకో విషయంలో అసలు అక్కర్లేకపోవచ్చు."

"పోతదా మేడం?"

"జ్వరంలా పోయేది కాదమ్మా. పాప తీరే అది. నేర్పిస్తే చాలా నేర్చుకుంటుంది. శబ్దాలు, వెలుగు, బట్ట తగలడం, ఇలాంటివి మనకు తెలియనంత ఎక్కువగా తెలుస్తాయి కొందరికి. బట్టల దగ్గర ఏం ఇబ్బందో కనిపెట్టండి."

తిరిగి వచ్చేటప్పుడు జ్యోతిరాణి ఎడపల్లి దాటి వెళ్ళి బోధన్‌లో దిగింది. బడి డ్రెస్సు బట్ట సంచిలోనే ఉంది. సాయన్న కొట్టులో అడుగుపెట్టగానే హర్షిణి నేలమీద పడి గౌను మెడ పీక్కోవడం మొదలుపెట్టింది. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. జ్యోతిరాణికి తల ఎత్తలేనంత సిగ్గేసింది.

సాయన్న ఆమె ముఖం చూడలేదు. ఆయన ఎవరి ముఖమూ చూడడు. పిల్ల చేతినే చూశాడు.

"మెడ ఎనక పట్టీ, చంకల కుట్టు. రెండు జాగలల్ల గుచ్చుకుంటున్నయి," అన్నాడు.

"నీకెట్ల తెలుసన్నా?"

"నాకు గూడ గక్కడనే."

జ్యోతిరాణి ఆయన చొక్కా వైపు చూసింది. డాక్టరు చెప్పిన మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. "నా బిడ్డ, నువ్వు ఒక్కతీరేనా అన్నా?" అని మెల్లగా అడిగింది.

"కాదు. ఆమెకు మాటలు రావు. నాకొస్తయి," అన్నాడు సాయన్న. మళ్ళీ ఆలోచించి, "చొక్కా కాడ ఒక్కతీరే," అన్నాడు.

డ్రెస్సు ఎప్పుడిస్తావని అడిగింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి సాయన్న, "తెల్వదు," అన్నాడు.

వారం తర్వాత వెళ్తే మొదటి గౌను ఇచ్చాడు. హర్షిణి ఒక్క నిమిషం ఉంచుకుంది. రెండోది సగం పూట నిలిచింది. మూడోసారి వెళ్ళేసరికి సాయన్న మెడకు బడి డ్రెస్సు గుడ్డపేలిక చుట్టుకుని మిషన్ తొక్కుతున్నాడు. పక్క కొట్టతను నవ్వుతూ చెప్పాడు. "మూడు రోజుల సంది గట్లనే ఉన్నడక్కా. ఉతుకుతడు, కట్టుకుంటడు, మల్ల ఉతుకుతడు. మెడంత ఎర్రగైంది."

"ఇయ్యాల గుచ్చుకుంటలేదు," అని సాయన్న పేలిక విప్పి బల్లమీద పెట్టాడు.

జ్యోతిరాణి ఆ పేలిక తీసి తన మెడకు ఆనించి చూసుకుంది.

మూడో గౌను కుట్లన్నీ బయటికే ఉన్నాయి, వాటిమీద సన్నటి పట్టీ. మెడ వెనక ఏమీ లేదు. హర్షిణి దాన్ని పొద్దుగూకేదాకా ఉంచుకుంది. మర్నాడు తనే తెచ్చి తల్లి ఒళ్ళో పడేసింది, తొడగమని.

కల్యాణి మేడం మాత్రం సందేహించింది. "అందరి డ్రెస్సూ ఒకలా ఉండి, ఈ పాపది తిరగేసినట్టు ఉంటే పిల్లలు ఏడిపిస్తారేమోనండీ."

జ్యోతిరాణి ఈ మాట చెప్పగానే సాయన్న కొట్టు మూసి ఎడపల్లి వచ్చాడు. పిల్లల గోలంటే ఆయనకు ప్రాణం పోతుంది. రెండు చెవుల్లో దూది కుక్కుకుని బడి వరండాలో నిలబడ్డాడు.

"డ్రెస్సు గురించి రాసిన కాగితం ఉన్నదా మేడం?"

మేడం తెచ్చి ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"రంగు రాసిండ్రు. పొడుగు రాసిండ్రు. కుట్లు లోపట ఉండాలని రాయలే."

మేడం ఆ కాగితం తీసుకుని తను కూడా చదివింది. నవ్వాపుకోలేకపోయింది. "నిజమే సాయన్న గారూ, రాయలేదు. రేపు పంపించండి. ఏడిపించేవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

మొదటి రోజు హర్షిణి బడిలో గంటసేపు కూర్చుంది. నెల తిరిగేసరికి మధ్యాహ్నం అన్నందాకా. మాటలు ఇంకా రాలేదు, కానీ బొమ్మల కార్డు చూపించి నీళ్ళడుగుతోంది. పెంటవ్వ గ్రహణం మాట ఎత్తడం మానేసి, మనవరాలి గౌను చేత్తో మెత్తగా ఉతుకుతోంది.

జ్యోతిరాణి ఇప్పుడు రోజూ సాయంత్రం సాయన్న కొట్టులో కాజాలు కుట్టే పని చేస్తోంది. హర్షిణి కత్తిరింపుల బల్లకింద గుండీలు రంగుల వారీగా పేర్చుకుంటుంది. మొన్నొక గిరాకీ తొంగిచూసి, "గీ పిల్ల ఎవరు సాయన్నా?" అనడిగాడు.

సాయన్న మిషన్ ఆపాడు. తప్పు చెప్పకూడదు కదా, పూర్తిగా ఆలోచించి చెప్పాడు.

"జ్యోతిరాణి బిడ్డ. ఎడపల్లి. ఆరేండ్ల రెండు నెలలు. నాలుగు గంటల సంది ఐదున్నర దాక నాకు దోస్తు."