ఖాళీ మంచం మీది పేరు

వాగధిదేవతకు ప్రణమిల్లి, విశ్వావసు నామ సంవత్సర కార్తీక బహుళ విదియ నాడు జరిగినది ఉన్నదున్నట్లు రాస్తున్నాను. నేను దయ్యాలను నమ్మినవాడను కాను. తెలుగు పండితుడిగా పనిచేసినన్నాళ్లూ కావ్యాల్లోని భూతబేతాళాలను కవుల చమత్కారంగానే బోధించాను.

ఆనాడు నా భార్య శారద ఊపిరితిత్తుల వ్యాధితో బాన్సువాడలోని ఒక దవాఖానలో ఉన్నది. మంచాల దగ్గరి యంత్రాలు శ్వాసను కొలిచి నర్సు ఎదుటి తెరకు పంపుతాయి. ఆ యంత్రాలను కంప్యూటరుతో పలికించే డ్రైవర్లు అనే ప్రోగ్రాములు రాయడమే మా అమ్మాయి వసుధ వృత్తి. పక్కనున్న ఖాళీ మంచానికి ఆమె కొత్త యంత్రం బిగించి, పరీక్ష కోసం నమూనా శ్వాస, అంటే మనిషి లేని ఉత్తుత్తి గీత, నడిపిస్తున్నది.

మధ్యాహ్నం నేను నర్సు బల్ల దగ్గర ఉండగా, తెరమీద శారద గీత నిలకడగా సాగుతున్నది. ఖాళీ మంచం గీత మాత్రం కిందికి జారసాగింది. దానిపైన పేరు, అన్నపూర్ణ.

"తాతా, గా మంచం ఖాళీనే గదా! గీ అన్నపూర్ణ ఎవలు?" అన్నది నర్సు కవిత.

నేను తెరకు దగ్గరగా వెళ్లి మళ్లీ చదివాను. శారదకు పుట్టింట పెట్టిన పేరు అన్నపూర్ణ. మా అమ్మ పేరూ అదే. అత్తాకోడళ్లు ఒకే పిలుపుకు పలుకరాదని పెండ్లినాడే పేరు మార్చాము. ఆ సంగతి ఎరిగినవారు మేమిద్దరం తప్ప ఎవరూ మిగలలేదు.

"ముందు శారదను చూడమ్మా!" అని అరిచాను.

కవిత ఉరికింది. ఆక్సిజన్ గొట్టం ఊడి దిండు కింద నలిగి ఉన్నది. శారద పెదవులు నీలమైనవి. ఇంకొంత ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టరు అన్నాడు.

పరుగున వచ్చిన వసుధ ఏడుస్తూనే తప్పు వెతికి పట్టుకున్నది.

"పాత డ్రైవర్ల, నా కొత్త డ్రైవర్ల గీతను పంపే పనికి ఒకటే పేరున్నది బాపూ. ఒకదాన్ని పిలిస్తే ఇంకోటి పలికింది. అమ్మ గీత అటు పోయింది, నమూనా గీత ఇటొచ్చింది. ప్రతి పేరు ముందర యంత్రం పేరు తగిలియ్యాలె, మన ఇంటిపేరు లెక్క. తొందరల మరిచిన."

"మరి అన్నపూర్ణ?"

"రోగి పేరు డ్రైవరు రాయదు బాపూ. గదైతే మనిషే చేత్తోని టైపు కొట్టాలె. గా పేరెవలిది?"

ఎవరు కొట్టారని కవితను అడిగాను, డాక్టరును అడిగాను. ఎవరూ కొట్టలేదు. వసుధ పేర్లన్నీ సరిచేసిన తరువాత గీతలు తమ తమ చోట్లకు వచ్చినవి. ఆ పేరు కూడా తెరమీద లేదు.

మార్గశిర శుద్ధ పంచమి నాడు శారద ఇంటికి వచ్చింది. ఆ పేరు సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.