ఓబులేసు మీసం

2003 వేసవిలో ధర్మవరంలో తీస్తున్న ఒక చిన్న సినిమాకు నేను మేకప్ చీఫ్‌ని. నటీనటుల ముఖాలన్నిటికీ జవాబుదారీ చీఫే. చేతికింద ఇద్దరు అసిస్టెంట్లుంటారు. కథంతా చెన్నప్ప అనే పట్టుచీరల నేతగాడిది. ఆ వేషం ఓబులేసుకు దక్కింది.

ఓబులేసుది విడపనకల్లు. నాటకాల నుంచి వచ్చినవాడు. నాలుగేళ్ల ముందు ఒక ఫ్యాక్షన్ సినిమాలో అతన్ని ప్రతినాయకుడిగా తయారుచేసింది నేనే. చెంప మీద గాటు, కళ్ల కింద నలుపు నా పని. మెలితిరిగిన మీసం మాత్రం అతని సొంతం. మాట్లాడే ముందు దాన్ని ఒక్కసారి దువ్వేవాడు. ఎదుటివాళ్లు తలలు దించేవాళ్లు. తర్వాత వచ్చిన వేషాలన్నీ ఆ మీసం తెచ్చినవే.

ఇప్పుడు దర్శకుడు మీసం తీసేయమన్నాడు. ఓబులేసు కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఇది తీసేస్తే నన్నెవరు పిలుస్తారన్నా? ఇంకా రెండు సినిమాలు సగంలో ఉండాయి."

అతని భయం న్యాయమైనదే. సినిమా మధ్యలో నటుడి రూపం మారకూడదు. దాన్నే మేం కంటిన్యుటీ అంటాం. అచ్చం అలాంటి పెట్టుడు మీసం చేసి అతికిస్తానని మాటిచ్చినా అతను నమ్మలేదు. షూటింగ్ చూడటానికి వచ్చిన అతని భార్య లింగమ్మ మాత్రం నవ్వింది.

"ఏమప్పా, మీసం మళ్లా మొలుస్తాది. ఇట్లాంటి ఏషం మళ్లా వస్తాదా?"

కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నేనే గొరిగాను. అద్దంలో చూసుకుని, "ఈడెవడో నాకు తెల్దన్నా" అన్నాడు.

మగ్గాల వీధిలోనూ ఎవరూ గుర్తుపట్టలేదు. "సినిమావాళ్లు యాడుండారప్పా?" అని ఒక ముసలాయన అతన్నే అడిగాడు. ఓబులేసు రోజంతా చిన్నబోయి ఉన్నాడు.

మర్నాడు తీసిన సన్నివేశంలో షావుకారు చీరలో లోపం చూపించి వెనక్కి తోసేస్తాడు. చెన్నప్ప బదులు చెప్పాలి. మాటకు ముందు ఓబులేసు చెయ్యి అలవాటుగా పైపెదవి దగ్గరికి వెళ్లింది. అక్కడేమీ లేదు. ఆ చెయ్యి కాసేపు ఆగి, కిందికి దిగి, చీర మడత సర్దింది. చెప్పాల్సిన మాట నోట రాలేదు. షాట్ పాడుచేశాననుకుని బెదురుగా దర్శకుడి వైపు చూశాడు. దర్శకుడు ఇంకో టేక్ అక్కర్లేదన్నాడు. చూస్తున్న నేతగాళ్లలో ఒకాయన లేచి వచ్చి ఓబులేసు భుజం పట్టుకున్నాడు.

"మేమూ ఇట్లే నిలబడతామన్నా. నోరు రాదు."

సినిమా ఎక్కువ రోజులు ఆడలేదు. ఓబులేసు పెట్టుడు మీసంతోనే ఆ రెండు సినిమాలూ పూర్తిచేశాడు. అతని పేరు చెబితే జనానికి ఇవాళ్టికీ ఆ ఫ్యాక్షన్ సినిమా ప్రతినాయకుడే గుర్తొస్తాడు. నాకు చెన్నప్పే ఇష్టం. మొదటి వేషంలో ఆ చెయ్యి లేస్తే ఎదుటివాడి నోరు మూతపడేది. రెండో వేషంలో అతని నోరే పెగల్లేదు. అంతవరకూ ఆ మనిషిలో రెండోవాడు ఉన్నాడని, అన్నిసార్లు ఆ ముఖాన్ని తాకిన నాకే తెలియదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరు కుర్చీలో కూర్చున్నా పెట్టె తెరిచే ముందు ఈ ముఖం మీంచి ఏం తీసెయ్యాలని దర్శకుణ్ణి అడిగేవాణ్ణి. ఏం వెయ్యాలన్నది తర్వాతి సంగతి.