థర్మన్ బాగుచేసిన వాగు

కొలరాడో కొండల్లో పశువులు పెంచుకునే థర్మన్‌కు శుభ్రత పిచ్చి. కంచెలో ఒక్క గుంజ వంకరగా ఉన్నా తిండి సయించదు. అలాంటి మనిషి పొలంలోనే ఆ వాగు పారాలా! అడ్డంగా కూలిన మానులు, వాటిని ఆనుకుని బీవర్లనే నీటి జంతువులు పుల్లలతో, బురదతో కట్టిన కట్టలు, వాటి వెనక మడుగులు. చూసినప్పుడల్లా ఆయనకు ఒళ్లు మండేది.

ఆ మడుగుల వల్లే నీళ్లు పక్కనే తవ్విన కాలువ ఎత్తుకు లేచి, దాంట్లో పారి గడ్డిభూమిని తడిపేవి. చలికాలమంతా ఆవులకు ఆ గడ్డే ఆధారం. అందుకే భార్య ఆర్డిస్ ముందే మొత్తుకుంది.

"ఏమయ్యా, వాటి జోలికి పోకు. కాలువకి నీళ్లెక్కుతున్నాయిగా?"

"ఎక్కుతున్నాయి, నత్తనడకన! అడ్డం తీసేస్తే పరిగెత్తుకుంటూ వస్తాయి."

"నీళ్లు పరిగెత్తితే మనకేం ఒరుగుతుంది? నిలబడాలి గానీ."

"నీకు తెలీదులేవే."

ఆ శరదృతువులో మందుగుండు పెట్టి కట్టలన్నీ పేల్చేశాడు. బీవర్లను ఉచ్చులేసి చంపాడు. మానులను గుర్రాలతో లాగించి తగలబెట్టాడు. వాగు అద్దంలా ఉందని ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకోవడానికి ఎవరి సొమ్ము పోయింది కనుక!

మంచు కరిగాక నీళ్లు నిజంగానే పరిగెత్తాయి. ఆపే అడ్డం లేక వాగు తన అడుగునే తవ్వుకుంది, గట్లు మింగింది. ఎండాకాలానికి నీళ్లు కాలువ నోటికి నిలువెత్తు లోతున పారుతున్నాయి. కాలువ ఎండింది, గడ్డి మాడింది. సగం ఆవులను తెగనమ్మారు. థర్మన్ మాత్రం తప్పంతా మంచుదేనన్నాడు.

చలికాలంలో మిగిలిన ఆవుల కోసం దిగువనున్న బోడీన్ దగ్గరికి గడ్డికి వెళ్లారు. బోడీన్ శుద్ధ సోమరి, వాగులోంచి ఏనాడూ పుల్ల తీసి ఎరగడు. థర్మన్ గట్ల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రంతా అతని బీవర్ కట్టల వెనకే పేరుకుంది.

"మొహమాటపడకు వదినా, ఎత్తుకో. ఇదేం పరాయి గడ్డి కాదు. మీ మట్టిలో మొలిచిందేగా!" అన్నాడతను నవ్వుతూ.

 ఆర్డిస్ మోపులు ఎత్తి బండిలో వేసింది.

తిరుగు దారిలో థర్మన్ బండి ఆపి, గడ్డకట్టిన బోడీన్ మడుగుల వైపు చాలాసేపు చూశాడు. ఇప్పటికైనా తప్పు ఒప్పుకుంటాడేమోనని ఆమె ఎదురుచూసింది.

"ఎంత చెత్త పెట్టుకున్నాడో చూడవే. ఒక్క వారం నాకప్పగిస్తే మొత్తం బాగుచేసి పెడతాను."

అప్పటిదాకా ఆర్డిస్‌కు అతని మీద కోపంతో పాటు కాస్త జాలి కూడా ఉండేది. ఆ మాటతో అదీ పోయింది.