పదకొండు రోజుల పాపతో పంజాగుట్టకు: స్కాన్ గది బయట జరీ లేసు ఊడదీసిన రోజు

ఇన్నాళ్లూ ఇక్కడ నేను రాసినవన్నీ గుళ్లూ, జలపాతాలూ, వాటి దగ్గర దొరికే మిర్చి బజ్జీలూ. ఈసారి రాసే ప్రయాణం ఎవరూ కోరుకుని చేసేది కాదు. అయినా చేయవలసి వచ్చిన వాళ్లు ఎక్కడో ఉంటారు, వాళ్ల కోసం రాస్తున్నాను. మా తమ్ముడికి పాప పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. కాన్పు సమయంలో మెదడుకు ఆక్సిజన్ సరిగ్గా అందలేదని చెప్పి కరీంనగర్‌లో ఐసీయూలో పెట్టారు. మూడు రోజులు ఒళ్లు చల్లగా ఉంచే చికిత్స చేశారు. ఎనిమిదో రోజుకు పాప పాలు తాగింది, గట్టిగా ఏడ్చింది, ఇంటికి పంపించారు. అయితే మాడు మీద నుంచి చేసిన స్కాన్‌లో అన్నీ కనబడవనీ, రెండో వారం దాటకుండా హైదరాబాద్‌లో ఎంఆర్ఐ తీయించమనీ అక్కడి డాక్టరు రాసిచ్చారు. పాప మెదడుకు దెబ్బ తగిలిందా, తగిలితే ఎంత, రేపు కాళ్లూ చేతులూ ఆడతాయా అన్నది ఆ బొమ్మల్లోనే కొంత తెలుస్తుందన్నారు.

తమ్ముడు ఆ ఎనిమిది రోజులూ ఐసీయూ బయట నేల మీద పడుకుని జ్వరం తెచ్చుకున్నాడు. జ్వరంతో పాప దగ్గరికి రావద్దని వాడిని ఇంట్లోనే ఉంచి, పచ్చి బాలింత అయిన మరదలు లావణ్యను, పాపను తీసుకుని నేను బయల్దేరాను. నాకు సిరిసిల్లలో బ్లౌజులు కుట్టే దుకాణం ఉంది. ముందు రోజు కూర్చుని పాపకు ఒక పొత్తిగుడ్డ కుట్టాను. లావణ్య పాత నూలు చీరే, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది. హైదరాబాద్‌లో పెద్ద పెద్ద వాళ్ల మధ్యకు పాత గుడ్డలో చుట్టుకుపోతే ఏమనుకుంటారోనని నాలుగు వైపులా జరీ లేసు కూడా వేశాను. నా చేతి పని గురించి నాకున్న గొప్ప అంతా ఇంతా కాదు, ఒప్పుకుంటున్నాను.

పొద్దున ఏడింటికి కారు వచ్చింది. రానూపోనూ నాలుగున్నర వేలకు మాట్లాడుకున్నాం. సిద్దిపేట, ప్రజ్ఞాపూర్, శామీర్‌పేట మీదుగా వెళ్లి, తిరుమలగిరి దాటి, బేగంపేట నుంచి పంజాగుట్ట చేరాలి. దారి బాగుంటుంది, సమస్య దారితో కాదు. స్కాన్ సెంటరు వాళ్లు ఫోన్‌లో ఒక సంగతి నొక్కి చెప్పారు: ఇంత చిన్న పిల్లలకు మత్తు ఇవ్వకుండానే తీస్తారట. పాప ఆకలితో, మేలుకుని రావాలి. అక్కడికి వచ్చాక కడుపునిండా పాలిచ్చి, గుడ్డలో చుట్టి నిద్రపుచ్చితే ఆ నిద్రలోనే పని అయిపోతుంది. అంటే ఎనిమిదిన్నర తర్వాత పాలు లేవు, చివరి గంట నిద్ర లేదు. ఇది విని డ్రైవరు సత్తయ్య అన్న తల గోక్కున్నాడు.

"అక్కా, నా బండి ఎక్కితె పెద్దోళ్లే గుర్రుపెడ్తరు. పసిపిల్లను మెల్కువతోని ఉంచుమంటే నేనేం జెయ్యాలె? గుంతలున్న తొవ్వల తీసుకపోవాల్నా?"

"గుంతలొద్దే, జర అద్దాలు దించు సాలు," అన్నాను.

ఎనిమిదిన్నరకు సిద్దిపేటలో ఆగి లావణ్య పాలిచ్చింది. శామీర్‌పేట నుంచి మొదలయ్యాయి మా తిప్పలు. పాప కళ్లు మూసుకోవడం, నేను అరికాళ్లు గీరడం, తడిగుడ్డతో బుగ్గలు తుడవడం. పాప నావైపు చూసిన చూపు ఉంది చూడండీ, మేనత్త మీద ఆ వయసులోనే అంత కోపం ఉంటుందని నాకు తెలియదు. బేగంపేటలో సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడల్లా ఆకలికి గుక్కపెట్టి ఏడ్చింది. లావణ్య కూడా ఏడ్చింది. "ఎన్నడన్న ఏడిస్తె సాలు దేవుడా అనుకున్న వదినే, ఇప్పుడు దీన్ని నేనే ఏడిపిస్తున్న," అంది. పదకొండుకు సెంటరు ముందు దిగాం. అక్కడ బండి నిలపడానికి చోటు దొరకదు, సత్తయ్య అన్న ఎర్రమంజిల్ వైపు వెళ్లిపోయాడు.

స్కాన్‌కు ఎనిమిది వేలు తీసుకున్నారు, ఒక్కోచోట ఒక్కోలా ఉంటుందట. మాతో మాట్లాడిన టెక్నీషియన్ కోస్తా వైపు ఆవిడ, మెత్తగా మాట్లాడుతుంది. పాప మొలతాడు, చేతి పూసలు తీయించింది, కాటుక తుడిపించింది. తర్వాత నా పొత్తిగుడ్డ చేతిలోకి తీసుకుంది.

"చాలా బాగా కుట్టారండీ. ఈ అంచుకి ఉన్నదేంటి?"

"జరీ లేసండీ."

"జరీ అంటే లోహమే కదండీ. లోపల వేడెక్కొచ్చు, బొమ్మలూ పాడవుతాయి. ఇది కుదరదండి."

అది మామూలు ప్లాస్టిక్ జరీయేనని వాదించాను. ప్లాస్టిక్ మీద కూడా లోహపు పూత ఉంటుందని చెప్పి, తమ దగ్గరున్న తెల్ల దుప్పటి ఇచ్చింది. లావణ్య పాలిచ్చింది, పాప నిద్రపోయింది, చెవులు మూసి బల్ల మీద పడుకోబెట్టారు. మిషన్ మొదలుపెట్టిన రెండు నిమిషాలకే పాప లేచి కెవ్వుమంది. బయటికి తెచ్చారు. కదిలితే బొమ్మలు చెదిరిపోతాయట.

"ఇంకో పేషెంట్ ఉన్నారండి, ఆ తర్వాత మళ్లీ చూద్దాం. అప్పుడూ పడుకోకపోతే ఎల్లుండి మత్తు డాక్టరు గారిని పిలిపించి చేద్దాం. భయమేం లేదండి, జాగ్రత్తగానే ఇస్తారు," అంది టెక్నీషియన్.

ఆవిడ ధైర్యం చెప్పడానికే అంది. కానీ మత్తు అన్న మాట వినగానే లావణ్య మొహం తెల్లబోయింది. ఐసీయూలో మూడు రోజులు మందు మత్తులో కళ్లు తెరవని బిడ్డ పక్కన కూర్చున్న తల్లి ఆమె. పాపను గుండెకు అదుముకుని, "మళ్ల పండబెట్టుడా? నాతోని కాదు వదినే. లేస్తదో లేవదో అని సూసుడు ఇంక నాతోని కాదు," అంది. కాసేపటికి దుప్పటి వాసన చూసి, "దీంట్ల సబ్బు వాసనొస్తుంది. నా చీరల ఉంటె పండుకునేది," అంది.

నా సంచిలో ఎప్పుడూ దారాలు కత్తిరించే చిన్న కత్తెర ఉంటుంది. పొత్తిగుడ్డ ఒళ్లో వేసుకుని అక్కడే కుర్చీలో కూర్చున్నాను. తొందరలో గుడ్డ చిరిగితే మొదటికే మోసం, అందుకని ఒక్కో కుట్టూ తెంపుతూ పోయాను. గట్టిగా ఉండాలని రెండు వరసలు కుట్టానాయె. నా పనితనాన్ని నేనే తిట్టుకున్నాను. పాత గుడ్డను పాత గుడ్డలా ఉంచితే నా సొమ్మేం పోయేది? ఊళ్లోవాళ్లు చూడనిచోట కూడా నలుగురి కోసం కుట్టాను, పాప కోసం కాదు. అరగంట దాటాక లేసు మొత్తం ఊడి వచ్చింది. జరీ పోగు ఒక్కటీ మిగలకుండా కిటికీ దగ్గర వెలుతురులో చూసి ఆవిడకిచ్చాను. ఆవిడ కూడా మూలమూలా తడిమి చూసి, "ఇప్పుడు బంగారంలా ఉందండి," అంది.

లావణ్య ఇంకో గుక్క పాలిచ్చి పాపను ఆ గుడ్డలో చుట్టింది. లోపలికి తీసుకెళ్లారు. తలుపు వెనకనుంచి టకటక చప్పుడు మొదలైంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, ఏడుపు వినబడలేదు. "మన గల్లీల సాంచెలు నడిచినట్టే ఉంది," అంది లావణ్య. సాంచెలంటే మా ఊళ్లో మరమగ్గాలు. తొమ్మిది నెలలు కడుపులో ఆ చప్పుడు విన్న పిల్లకు ఇదొక లెక్కా అనుకున్నాను. అరగంట తర్వాత పాపను తెచ్చిచ్చారు. ఇంకా నిద్రలోనే ఉంది.

రిపోర్టుకు మూడు గంటలు పడుతుందనీ, బొమ్మలతో పాటు దాన్ని నేరుగా డాక్టరు కంప్యూటర్‌కే పంపుతామనీ అన్నారు. ఆటోలో అరవై ఇచ్చి అమీర్‌పేట వచ్చాం, మేం చూపించుకోవలసిన పిల్లల మెదడు డాక్టరు అక్కడే ఉంటారు. ఆటో దిగగానే ఒకతను కంప్యూటర్ కోర్సు కాగితం నా చేతిలో, ఇంకోటి పాప గుడ్డ మీద పెట్టి పోయాడు. పొద్దున్నుంచి లావణ్య నవ్వింది అప్పుడే. పక్క మెస్‌లో పెరుగన్నం తిన్నాం. ఆమె నాలుగు ముద్దలు తిని ఆపేస్తే నేను తిట్టి ఇంకో నాలుగు తినిపించాను.

నాలుగింటికి డాక్టరమ్మ బొమ్మలు తెర మీద పెట్టింది. నాకు అదంతా నలుపూ తెలుపూ. ఆవిడ వేలు పెట్టి చూపించింది. "లోతుగా మధ్యలో ఉన్న ఈ భాగాలు కాళ్లూ చేతులూ కదలడం, మింగడం లాంటివి చూసుకుంటాయి. మేం ఎక్కువ భయపడేది వీటి గురించే. ఇవి బాగున్నాయి. ఇక్కడ అంచు వైపు చిన్న మచ్చ ఉంది."

"నడుస్తదా అమ్మా?" లావణ్య అడిగింది.

"నడవదని చెప్పేది ఇందులో నాకేం కనబడలేదు. ఆ మచ్చ వల్ల ఏదైనా కొంచెం ఆలస్యం కావచ్చు, కాకపోనూ వచ్చు. స్కానే అన్నీ చెప్పదు, పాప చెప్పాలి. మూడో నెలలో తీసుకురండి, ఏదైనా వెనకబడితే అప్పుడే వ్యాయామాలు మొదలుపెడదాం."

లావణ్య ఏడవలేదు. నేనే ఏడ్చాను, అదీ లిఫ్టులో, ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య. పూర్తిగా బాగుందన్న మాట మాకు దొరకలేదు. కానీ పదకొండు రోజులుగా చీకట్లో తడుముకుంటున్నవాళ్లకు ఎటు నడవాలో తెలియడం కూడా చిన్న విషయం కాదని ఆ రోజు నాకు అర్థమైంది. మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా బొమ్మలున్న సీడీ కూడా అడిగి తీసుకోండి. తర్వాత చూసే ప్రతి డాక్టరూ ముందు అదే అడుగుతారు, మళ్లీ మొదటినుంచీ పిల్లను అవస్థ పెట్టే పని ఉండదు.

సత్తయ్య అన్న కారు తీసుకొచ్చేసరికి ఐదున్నర. ఈసారి పాపను ఎవరూ లేపలేదు. తిరుమలగిరి దాటాక లావణ్య ఉన్నట్టుండి, "వదినే, ఇరవై ఒక్కటో దినం తొట్టెల ఎయ్యాలె గద. మేనత్తవు, చెవుల పేరు చెప్పాల్సింది నువ్వే. ఏం పేరనుకున్నవ్?" అని అడిగింది. నిజానికి నేను ఒక్క పేరూ అనుకోలేదు, అనుకోవడానికే భయపడ్డాను. ఆ సంగతి చెప్పకుండా అప్పటికప్పుడు నాలుగు పేర్లు చెప్పాను. నాలుగూ ఆమెకు నచ్చలేదు.